వెనక బండికి బ్రేకు: కరెంటు పోయే దారి, తిరిగొచ్చే దారి

మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. పుంగనూరు, పలమనేరు, కుప్పం కూడా ఈ పీఠభూమి మీదివే. చిత్తూరు ఎత్తు ఇందులో సగానికి కాస్త తక్కువ, తిరుపతి ఇంకా దిగువన ఉంది. అందుకే ఇక్కడి సరుకు తూర్పు వైపు కదిలిందంటే దిగుడు తప్పదు. తిరుపతి వెళ్లే బండి భాకరాపేట ఘాట్ దిగాలి. చెన్నై మార్కెట్‌కు టమోటా తీసుకెళ్లే లారీ మొగిలి ఘాట్ దిగాలి. అంత దూరం పోని ట్రాక్టర్లకు కూడా పల్లె నుంచి మార్కెట్ యార్డు చేరేలోపు ఎన్నో ఎత్తుపల్లాలు, చెరువు కట్టల మలుపులు ఎదురవుతాయి.

ఎక్కేటప్పుడు ఇంజను బలం తెలుస్తుంది, దిగేటప్పుడు బ్రేకు బలం తెలుస్తుంది. ముందు ఒక బండి, దాని వెనక తగిలించిన ఇంకో బండి కలిసి దిగుతుంటే బ్రేకు ఒక్క బండికే ఉంటే సరిపోదు. ఎందుకో ఒక చిన్న లెక్కలో చూడొచ్చు. 20 అడుగులు ముందుకు పోతే ఒక అడుగు దిగే రోడ్డు మీద 3 టన్నుల ట్రైలరు తన ముందున్న బండిని సుమారు 150 కిలోల బరువంత బలంతో తోస్తుంది. అది రోడ్డు వాలు వల్ల వచ్చే తోపు మాత్రమే. వేగం మీద ఉన్నప్పుడు సడెన్‌గా బ్రేకు వేస్తే ట్రైలరు వేగంలో దాగిన శక్తి కూడా దీనికి తోడవుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతున్న ఆ ట్రైలరును ఆపాలంటే లక్ష జౌళ్లకు పైగా శక్తిని వేడిగా మార్చాలి. వేగం 20కి తగ్గితే ఆ శక్తి సగానికంటే తక్కువే. శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, దిగుడులో నెమ్మదిగా పొమ్మని పెద్దలు చెప్పే మాట వెనక గట్టి గణితమే ఉంది.

బలం ఎంతన్నదే కాదు, ఏ దిశలో పనిచేస్తుందన్నదీ ముఖ్యమే. ముందు బండి లాగుతున్నంతసేపు ట్రైలరు దాని వెనకే తిన్నగా వస్తుంది. ట్రైలరు తోయడం మొదలుపెట్టిందంటే హుక్కు దగ్గర ఉన్న చిన్న వంకర కూడా క్షణాల్లో పెద్దదవుతుంది. ట్రైలరు పక్కకు తిరిగి ముందు బండిని మడతేస్తుంది. మలుపులో బ్రేకు తొక్కినప్పుడు ట్రాక్టర్లు పల్టీ కొట్టడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. వెనక బండికి దాని సొంత బ్రేకు ఉండాలి, అది ముందు బండి బ్రేకుతో పాటే పట్టాలి. అదొక్కటే దీనికి సరైన మందు.

అయస్కాంతంతో పట్టే బ్రేకు

పెద్ద లారీ ట్రైలర్లలో గాలి బ్రేకులుంటాయి. ఐరోపాలో కార్లు లాగే చిన్న ట్రైలర్లకు, ట్రైలరు ముందుకు తోసే తోపునే వాడుకుని పట్టే బ్రేకులు ఎక్కువ. అమెరికాలో కారుకో పికప్‌కో తగిలించుకుని తీసుకెళ్లే ప్రయాణపు ఇళ్లకు, అంటే ట్రావెల్ ట్రైలర్లకు, కరెంటు బ్రేకులే అమరుస్తారు. అక్కడ చాలా రాష్ట్రాల్లో 3,000 పౌండ్లు, అంటే సుమారు 1,360 కిలోలు దాటిన ట్రైలరుకు సొంత బ్రేకు ఉండాలని చట్టం చెబుతుంది. మదనపల్లె, కుప్పం ప్రాంతాల నుంచి బెంగళూరు మీదుగా అమెరికా చేరి స్థిరపడ్డ కుటుంబాలకు సెలవుల్లో ఇలాంటి ట్రైలరు లాగే అవసరం ఎప్పుడైనా రావచ్చు. కొన్నా, అద్దెకు తీసుకున్నా దాని బ్రేకు సంగతి తెలిసి ఉండటం ప్రాణరక్షణ.

ఈ బ్రేకు వెనక ఉన్న శాస్త్రం రెండు వందల ఏళ్ల నాటిది. కరెంటు పారే తీగ దగ్గర దిక్సూచి ముల్లు కదులుతుందని 1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఓర్‌స్టెడ్ గమనించాడు. కొన్నేళ్లకే ఇంగ్లండ్‌లో విలియం స్టర్జన్ ఇనుము చుట్టూ తీగ చుట్టి విద్యుదయస్కాంతం తయారు చేశాడు. ఆ తర్వాత వందేళ్లకు, 1920ల్లో, అమెరికాలోని బెలాయిట్ ఊరికి చెందిన ఆర్థర్ వార్నర్ ఈ సూత్రాన్ని ట్రైలరు చక్రంలోకి తెచ్చాడు.

చక్రం డ్రమ్ము విప్పి చూస్తే మనకు తెలిసిన బ్రేకు షూలు రెండు కనిపిస్తాయి. వాటితో పాటు ఒక లివరు, దాని కొసన అరచేతిలో ఇమిడేంత అయస్కాంతం ఉంటాయి. డ్రమ్ము లోపల చదునుగా, నున్నగా చెక్కిన ముఖం ఒకటి ఉంటుంది. అయస్కాంతం దానికి ఆనుకుని ఉంటుంది. కరెంటు లేనప్పుడు డ్రమ్ము దాని మీదుగా తిరుగుతూ పోతుంది. కరెంటు వచ్చీ రాగానే అయస్కాంతం ఆ ముఖాన్ని అంటుకుంటుంది. తిరిగే డ్రమ్ము దాన్ని తనతో పాటు కాస్త ఈడ్చుకుపోతుంది. ఆ ఈడ్పుకు లివరు కదిలి షూలను డ్రమ్ముకు అదిమిపెడుతుంది.

సాధారణ సైజు అయస్కాంతం ఒక్కొక్కటి 12 వోల్టుల దగ్గర సుమారు 3 ఆంపియర్లు తీసుకుంటుంది, అంటే 36 వాట్లు. ఇంత చిన్న శక్తి టన్నుల బరువును ఎలా ఆపుతుంది? ఆపే బలాన్ని ఇచ్చేది కరెంటు కాదు, తిరుగుతున్న చక్రమే. కరెంటు పని ఆ బలాన్ని షూల వైపు మళ్లించడం. అందుకే ఆగి ఉన్న బండిని ఈ బ్రేకు నమ్మకంగా పట్టుకోలేదు. చక్రం తిరగకపోతే ఈడ్పు ఉండదు. నిలిపినప్పుడు చక్రాల కింద చెక్కలు పెట్టాల్సిందే.

డ్రైవరు దగ్గర కంట్రోలరు అనే చిన్న పెట్టె ఉంటుంది. పెడలు తొక్కగానే అది ట్రైలరుకు కరెంటు పంపుతుంది. మంచి రకం కంట్రోలరు బండి ఎంత జోరుగా ఆగుతోందో పసిగట్టి అందుకు తగినంత కరెంటు ఇస్తుంది. చేత్తో నొక్కే మీట ఒకటి విడిగా ఉంటుంది. దాంతో ముందు బండి బ్రేకు ముట్టకుండా ట్రైలరు బ్రేకులు మాత్రమే వేయొచ్చు.

సగం దారి బాగుంటే చాలదు

కంట్రోలరు నుంచి బయల్దేరిన కరెంటు ఏడు పిన్నుల సాకెట్టు దాటి ట్రైలరులోకి వస్తుంది. అమెరికా ట్రైలర్లలో బ్రేకు వైరు నీలం, ఎర్తు వైరు తెలుపు. నీలం వైరు చాసిస్ వెంట పోయి ప్రతి చక్రం దగ్గర చీలి అయస్కాంతానికి చేరుతుంది. అయస్కాంతం దాటిన కరెంటు తెల్ల వైరు గుండా, కొన్ని చోట్ల చాసిస్ ఇనుము గుండా, బ్యాటరీ నెగెటివ్‌కు తిరిగొస్తుంది. పోయే దారి మీద అందరికీ శ్రద్ధ ఉంటుంది. తిరిగొచ్చే దారిని చాలామంది మర్చిపోతారు. ట్రైలరు కరెంటు బాధల్లో పెద్ద వాటా ఆ మర్చిపోయిన సగానిదే.

నాలుగు చక్రాల ట్రైలరు తీసుకుందాం. ఒక్కో అయస్కాంతం నిరోధం 4 ఓమ్‌లు అనుకుంటే, నాలుగూ సమాంతరంగా ఉన్నాయి కనుక మొత్తం ఒక ఓమ్. బ్యాటరీ 12 వోల్టులు, కాబట్టి కరెంటు 12 ఆంపియర్లు. ఇప్పుడు ఎర్తు బోల్టు కింద తుప్పు పట్టి అర ఓమ్ నిరోధం పెరిగిందనుకోండి. మొత్తం ఒకటిన్నర ఓమ్ అయింది. కరెంటు 8 ఆంపియర్లకు పడిపోయింది. అయస్కాంతాలకు 12 బదులు 8 వోల్టులే అందుతున్నాయి. అయస్కాంతం పట్టు దాదాపు కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. మూడో వంతు కరెంటు తగ్గితే పట్టు సగానికంటే తక్కువకు జారుతుంది. మిగిలిన 4 వోల్టులు, 8 ఆంపియర్లు కలిసి ఆ తుప్పు బోల్టు దగ్గర 32 వాట్ల వేడి పుట్టిస్తాయి. రేడియో రిపేరు షాపులో సీసం కరిగించే సాల్డరింగ్ ఐరన్ వేడి దాదాపు అంతే. బ్రేకు వేసిన ప్రతిసారీ ఆ బోల్టు కాలుతుంది, కాలినకొద్దీ తుప్పు పెరుగుతుంది, తుప్పు పెరిగినకొద్దీ బ్రేకు తగ్గుతుంది.

మెకానిక్ ఇక్కడే మోసపోతాడు. అయస్కాంతాల వైర్లన్నీ విప్పి మల్టీమీటరు పెడితే నిండుగా 12 వోల్టులు చూపిస్తుంది. "కరెంటు వస్తా ఉంది కదా" అని వైరింగును వదిలేసి అయస్కాంతం మార్చేస్తాడు. కొత్త అయస్కాంతం కూడా అంతే మెతగ్గా పడుతుంది. మీటరు తప్పు చెప్పలేదు. మీటరు లాగే కరెంటు చాలా చాలా తక్కువ కనుక తుప్పు దగ్గర వోల్టేజీ పడిపోలేదు, అంతే. భారం మోస్తున్నప్పుడు కొలిస్తేనే వైరు నిజం చెబుతుంది. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోవాలంటే దీన్నే గుర్తుంచుకోండి: కరెంటు పారుతున్నప్పుడే వోల్టేజీ కొలవాలి.

వైరు మందం సంగతీ ఇలాంటిదే. పోను పది మీటర్లు, రాను పది మీటర్లు, మొత్తం 20 మీటర్ల రాగి వైరు 2 చదరపు మిల్లీమీటర్ల మందానిదైతే 12 ఆంపియర్లకు అందులోనే సుమారు 2 వోల్టులు పోతాయి. 5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే పోయేది ఒక వోల్టు కూడా ఉండదు. లైట్లకు సరిపోయే సన్న వైరు బ్రేకుకు సరిపోదు.

ఎక్కడ తెగుతుంది, ఎలా పట్టుకోవాలి

లోపాలు దాక్కునే చోట్లు కొన్నే. సాకెట్టు పిన్నుల్లో పచ్చటి కిలుం పడుతుంది. చక్రం వెనక వేసిన జాయింట్ల మీద బురద, నీళ్లు చిమ్ముతూ ఉంటాయి. ఎర్తు బోల్టు కింద పెయింటు, తుప్పు చేరతాయి. ఇక అన్నిటికంటే మాయదారి చోటు యాక్సిల్ గొట్టం. ఒక పక్క చక్రం నుంచి ఇంకో పక్కకు వైరును చాలామంది తయారీదారులు ఈ గొట్టం లోపలి నుంచి లాగుతారు. రోడ్డు మీద కుదుపులకు వైరు ఇనుముకు రాసుకుని, ఏళ్ల తరబడి అరిగి, చివరకు రాగి బయటపడి గొట్టానికి తగులుతుంది. గుంతలో పడ్డప్పుడు షార్ట్ అవుతుంది, షెడ్డులో నిలబెట్టి చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది.

వెతకడానికి ఒక వరస ఉంది. ముందుగా బండిని సమతలం మీద నిలిపి, చక్రాలకు చెక్కలు పెట్టి, పరీక్షించే చక్రాన్ని జాకీతో లేపి స్టాండు మీద నిలపాలి. ఒట్టి జాకీని నమ్మి కిందికి దూరకూడదు.

మొదటి పని, లోపం ముందు బండిదా, ట్రైలరుదా అని తేల్చడం. ట్రైలరుకు సొంత బ్యాటరీ, బ్రేక్‌అవే స్విచ్చి ఉంటాయి. హుక్కు ఊడి ట్రైలరు విడిపోతే, గొలుసు లాంటి తీగ ఆ స్విచ్చి పిన్నును లాగేస్తుంది. వెంటనే బ్యాటరీ కరెంటు నేరుగా బ్రేకులకు పోతుంది. సాకెట్టు విప్పేసి, చేత్తో ఆ పిన్ను లాగి, లేపిన చక్రాన్ని తిప్పి చూడాలి. గట్టిగా పడితే ట్రైలరు వైరింగులో ఆ చక్రం వరకు దారి బాగుంది, లోపం సాకెట్టులోనో ముందు బండిలోనో ఉంది. సాకెట్టు విప్పకుండా పిన్ను లాగితే కంట్రోలరు పాడయ్యే ప్రమాదం ఉంది. పని కాగానే పిన్ను తిరిగి పెట్టడం మరవకూడదు.

రెండోది కరెంటు లెక్క. నీలం వైరు మీద డీసీ క్లాంపు మీటరు పెట్టి బ్రేకు వేయాలి. నాలుగు అయస్కాంతాలకు 12 ఆంపియర్ల దగ్గర రావాలి. 9 వస్తే ఒక చక్రం పనిచేయడం లేదు. 6 వస్తే ఒక యాక్సిల్ మొత్తం పోయి ఉండొచ్చు. సున్నా వస్తే ప్రధాన దారే తెగింది. 12 కంటే చాలా ఎక్కువైతే ఎక్కడో షార్ట్. నాలుగూ సమానంగా తగ్గి 8 వస్తే, ఆ నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్న దారిలో, అంటే సాకెట్టులోనో ప్రధాన ఎర్తులోనో, నిరోధం పెరిగింది. ఒక్క కొలతతో ఇంత తెలుస్తుంది.

మూడోది ఎర్తు పరీక్ష. బ్రేకు వేసి ఉంచి, మీటరు ఒక కొసను అయస్కాంతం ఎర్తు వైరుకు, ఇంకో కొసను బ్యాటరీ నెగెటివ్‌కు తగిలించాలి. దాదాపు సున్నా చూపిస్తే తిరిగొచ్చే దారి శుభ్రంగా ఉంది. రెండు మూడు వోల్టులు చూపిస్తే దొంగ దొరికినట్టే. ఆ దారిలో ఒక్కో జాయింటు దాటుతూ కొలిస్తే, ఎక్కడ వోల్టేజీ ఒక్కసారిగా పడుతుందో అదే పాడైన జాయింటు.

నాలుగోది విడి విడి పరీక్ష. అనుమానం ఉన్న అయస్కాంతం వైర్లు విప్పి ఓమ్‌లు చూడాలి. 3 నుంచి 4 ఓమ్‌లు వస్తే కాయిల్ బాగుంది. కాయిల్‌కూ అయస్కాంతం ఇనుప ఒంటికీ మధ్య సంబంధం ఉండకూడదు, ఉంటే మార్చాల్సిందే. రెండు చక్రాల దగ్గరా విప్పేసిన యాక్సిల్ వైరుకూ గొట్టానికీ మధ్య కూడా ఏ సంబంధమూ ఉండకూడదు. ఈ కొలత తీస్తూ వైరును అటూ ఇటూ కదిలించి చూస్తే అప్పుడప్పుడూ వచ్చిపోయే షార్ట్ బయటపడుతుంది.

మీటరు లేకపోతే ఒక చిన్న దిక్సూచి చాలు. చక్రం దగ్గర పెట్టి బ్రేకు వేస్తే, అయస్కాంతం పనిచేస్తున్న చోట ముల్లు తిరుగుతుంది. ఓర్‌స్టెడ్ 1820లో చూసిందే ఇది. పట్టు ఎంతో చెప్పదు, కరెంటు చేరిందో లేదో చెబుతుంది.

కరెంటు పూర్తిగా చేరుతున్నా బ్రేకు పట్టకపోతే వైరింగుది తప్పు కాదు. లైనర్లు అరిగి ఉండొచ్చు, బేరింగు గ్రీజు డ్రమ్ములోకి కారి ఉండొచ్చు, షూల సర్దుబాటు వదులై ఉండొచ్చు, అయస్కాంతం ముఖం అరిగి ఉండొచ్చు. డ్రమ్ము విప్పాలి.

బాగుచేయడం అంటే మళ్లీ పాడవకుండా చేయడం

యాక్సిల్ గొట్టంలో అరిగిన వైరును మళ్లీ అదే గొట్టంలోకి లాగడం వృథా. కొత్త వైరును గొట్టం బయట, వెనక పక్కన, స్లీవులో వేసి, కదలకుండా క్లాంపులు బిగించాలి. ఇనుము రంధ్రం గుండా పోయే ప్రతి చోటా రబ్బరు బుష్షు ఉండాలి. జాయింటును మెలిపెట్టి టేపు చుట్టడం పనికిరాదు. ఎండకు టేపు జిగురు కారిపోతుంది, వానకు నీళ్లు దూరతాయి. సరైన సైజు థింబుల్ వేసి, సరైన ప్లయర్‌తో నొక్కి, లోపల జిగురున్న హీట్‌ష్రింక్ స్లీవు తొడిగి వేడి చేస్తే నీరు చేరదు.

ఎర్తుకు బోల్టు బిగించే ముందు పెయింటు గీకి మెరిసే ఇనుము కనిపించాలి. పళ్ల వాషరు వేసి బిగించి, పైన గ్రీజు పూయాలి. ఇంకా మంచి పని, చాసిస్‌ను నమ్ముకోకుండా ప్రతి చక్రం నుంచీ సాకెట్టు దాకా, పోయే వైరంత మందంలోనే తిరుగు వైరు వేయడం. బ్రేక్‌అవే బ్యాటరీని కూడా చూసుకోవాలి. అమెరికా వాణిజ్య వాహనాల నిబంధన ప్రకారం ట్రైలరు విడిపోయాక బ్రేకులు కనీసం 15 నిమిషాలు పట్టి ఉండాలి. చచ్చిన బ్యాటరీతో ఆ స్విచ్చి ఉన్నా లేనట్టే.

మన ట్రాక్టరు ట్రైలరుకు ఇదే పాఠం

మన పొలాల ట్రైలర్లలో కరెంటు బ్రేకులు లేవు. చాలావాటికి ఏ బ్రేకూ లేదు. కానీ వాటికి బ్రేకు లైట్లున్నాయి, ఇండికేటర్లున్నాయి. వాటిని చంపుతున్నది కూడా ఈ తిరిగొచ్చే దారే.

"అన్నా, బ్రేకు తొక్కితే కుడి పక్క బాగా వెలగతాంది. ఎడమ పక్క మసగ్గా మినుకుమంటాంది. బల్బు మార్చినా అంతే."

"బల్బుది కాదప్పా, ఎర్తు పట్టలే."

ఆటో ఎలక్ట్రీషియన్ చూడకముందే ఎలా చెప్పగలిగాడు? వెనక లైటు బల్బులో రెండు తీగలుంటాయి. బ్రేకుకు 21 వాట్లది, రాత్రి లైటుకు 5 వాట్లది. రెండింటికీ ఎర్తు ఒక్కటే. ఎడమ లైటుకు ఎర్తు ఊడిపోతే, బ్రేకు కరెంటు తిరిగిపోయే దారి లేక పక్కనున్న 5 వాట్ల తీగలోకి దూరి, రాత్రి లైటు వైరు గుండా వెనక్కి నడిచి, కుడి లైటు 5 వాట్ల తీగ దాటి ఎర్తు చేరుతుంది. మూడు తీగలు వరసగా పడ్డాయి కనుక కరెంటు కాస్తే పారుతుంది. అందుకే ఎడమ పక్క మసక. రాత్రి లైట్లు వేసి ఉంటే ఆ దొంగదారి కూడా మూసుకుపోయి ఎడమ పక్క పూర్తిగా ఆరిపోతుంది. వెనక వచ్చే వాడికి ట్రైలరు సగమే కనిపిస్తుంది. ఆ కనిపించే సగాన్ని బట్టి అతడు పక్కకు తప్పిస్తాడు.

ట్రైలరుకు విడిగా ఎర్తు వైరు లేకపోతే కరెంటు హుక్కు, పిన్ను గుండానే ట్రాక్టరుకు తిరిగి రావాలి. అక్కడ గ్రీజు, మట్టి, వదులు అన్నీ ఉంటాయి. కుదుపుకో సారి తగులుతుంది, కుదుపుకో సారి వదులుతుంది. సాకెట్టులోనే ఎర్తు పిన్నుకు ఒక మందపాటి వైరు కలిపి, ఆ వైరును ట్రైలరు వెనక లైట్ల దాకా తీసుకెళ్తే ఈ బాధ తీరుతుంది. సీజనుకు ముందు ఒక పూటలో అయ్యే పని.

దాంతో పాటు ఇంకొన్ని అలవాటు చేసుకోవాలి. రోడ్డెక్కే ముందు ట్రాక్టరు కుడి, ఎడమ బ్రేకు పెడళ్లను కలిపి లాక్ చేయాలి. ఒక్క పెడలే పడితే బండి ఒక పక్కకు లాగుతుంది, వెనకున్న బరువు ఆ తిప్పును ఇంకా పెంచుతుంది. దిగుడు మొదలయ్యే ముందే తక్కువ గేరు వేయాలి. న్యూట్రల్‌లో దిగడం ప్రాణాలతో ఆట. ట్రైలరు వెనక, పక్కల రిఫ్లెక్టరు టేపు అతికించాలి, ఎందుకంటే దానికి ఎర్తు అక్కర్లేదు.

ట్రైలరుకు సొంత బ్రేకు ఉండాలన్న మాట మన దగ్గరా గట్టిగా వినిపించాలి. ట్రాక్టరు బ్యాటరీ కూడా 12 వోల్టులదే. రెండు చక్రాల ట్రైలరుకు ఈ రకం అయస్కాంతాలు తీసుకునేది 6 ఆంపియర్లే. మన ట్రైలర్లు మోసే బరువుకు తగిన డ్రమ్ము, యాక్సిల్ లెక్కలు తయారీదారులు వేయాలి, పరీక్షించి అనుమతి పొందాలి. ఎవరికి వారు షెడ్డులో బిగించుకునే వస్తువు కాదిది. కానీ శాస్త్రం కొత్తది కాదు, ఖరీదైనదీ కాదు. ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో చదివే పిల్లలకు బల్బు వెలిగించడంతో పాటు, భారం మీద వోల్టేజీ కొలవడం, ఎర్తు దారి పరీక్షించడం చేతి పనిగా నేర్పితే ఊరూరా ఒక మంచి ఎలక్ట్రీషియన్ తయారవుతాడు. టమోటా క్రేట్లు నింపిన ట్రైలరు మీద కూలి జనం కూర్చుని ప్రయాణించే రోడ్లివి. ఈ సీజను మొదలయ్యేలోపు మీ ట్రైలరు వెనక నిలబడి, ఇంకొకరిని బ్రేకు తొక్కమని చెప్పి, రెండు లైట్లూ సమానంగా వెలుగుతున్నాయో లేదో చూడండి. సమానంగా లేకపోతే బల్బు కొనకముందు ఎర్తు బోల్టు విప్పండి.